శరీరాన్ని గీద్దాం – 4వ పాఠం: వేలు ఎక్కడ మొదలవుతుంది?

గత పాఠంలో ముంజేతి ఎముకలు రెండూ గీశాం. ఈసారి మణికట్టు దాటుదాం.

ముందు ఒక కొలత. పిడికిలి బిగించి, మధ్యవేలి మొదట్లో పైకి పొడుచుకొచ్చే కణుపు మీద పెన్నుతో చుక్క పెట్టండి. వేళ్లు చాపి, చుక్క నుంచి వేలి కొస దాకా స్కేలుతో కొలవండి. ఇప్పుడు చేయి తిప్పి, అరచేతి వైపు అదే వేలిని మొదట్లో ఉన్న గీత నుంచి కొలవండి. తేడా చూశారా? అరచేతి వైపు చర్మం వేలి మొదటి ఎముకలో దాదాపు సగాన్ని దాచేస్తుంది. చేతి వెనుక భాగం గీసేటప్పుడు చాలామంది వేళ్లను పొట్టిగా గీయడానికి కారణం ఇదే.

చేతిలో ఎముకలు 27: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. మణికట్టు ఎనిమిదింటినీ ప్రస్తుతానికి ఒకే దిమ్మగా గీస్తే చాలు. శ్రద్ధంతా కణుపుల మీద పెట్టండి. అవి తిన్నని వరుసలో ఉండవు, విల్లులా వంగి ఉంటాయి. తిన్నగా పెడితే చేయి దువ్వెనలా తయారవుతుంది.

ఇక కదలిక. వేళ్లలో కండరాలు లేవు. వాటిని ముడిచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో ఉండి, స్నాయుబంధనాలనే తాళ్లతో వేళ్లను లాగుతాయి. 1543లో వెలువడిన, వెసాలియస్ అనే వైద్యుడి శరీర నిర్మాణ గ్రంథంలో ఆయన రూపచిత్రం ఒకటుంది. అందులో ఆయన చూపిస్తున్నది చర్మం ఒలిచిన చేతినే. ఆ చిత్రం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ తాళ్లను చూడాలంటే తెల్లవారుజామున జాలరిపేట ఒడ్డుకు వెళ్లండి. వల లాగే చేతుల్లో అవి బిగుసుకుని కనిపిస్తాయి. అనుమతి అడిగి, పక్కన కూర్చుని గీయండి. ఒక్క జాగ్రత్త: బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి మణికట్టు వంచితే, మధ్యలో సన్నని తాడొకటి పైకి లేస్తుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. లేని చేతికి దాన్ని అతికించవద్దు.

ఈ వారం అభ్యాసం: మీ ఎడమచేతిని పదిసార్లు గీయండి. ముందు పెన్సిల్‌తో ఎముకలు, వాటిపై ఎర్ర రంగుతో స్నాయుబంధనాలు, చివర నల్ల సిరాతో చర్మపు అంచు. బొటనవేలిని మాత్రం లీలగా వదిలేయండి. అది మిగతా నాలుగు వేళ్ల వరుసలో ఉండదు, దానికి ఒక పాఠమంతా కావాలి.