బెంగళూరులో పోలీసు కేసు మీద పడితే: కొత్తగా వచ్చిన తెలుగువారికి

బెంగళూరులో పిల్లాడి మీద కేసు పెట్టారట అని తెలియగానే ఊళ్లో అందరూ అడిగే మొదటి మాట, "అక్కడ మనకెవరైనా తెలుసా?" ఎమ్మెల్యేగారి పీఏకి ఒక ఫోను, ఆయన నుంచి ఇంకెవరికో, అక్కడి నుంచి మారతహళ్లిలో ఉండే ఎవరో పార్టీ మనిషికి. ఈలోగా పొద్దుపోతుంది. అసలు కనుక్కోవాల్సినవి మూడే: ఏ స్టేషను, ఎఫ్ఐఆర్ నంబరెంత, ఏ సెక్షన్లు. ఇవి లేకుండా ఎంత పెద్ద లాయరైనా చెప్పేదేమీ ఉండదు.

ఎఫ్ఐఆర్ కాపీ కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కర్ణాటక పోలీసుల సైట్లో వెతకండి. కాపీ కన్నడలో ఉంటుంది. సెక్షన్ నంబర్లు మాత్రం 2024 జూలై 1 నుంచి మారిపోయాయి. మనవాళ్లు ఇంకా "ఫోర్ ట్వంటీ కేసు" అంటారు కానీ మోసం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318. భార్య పెట్టే 498ఏ ఇప్పుడు 85.

ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో సాధారణంగా ముందు నోటీసు వస్తుంది, అరెస్టు కాదు. దానికి భయపడి ఊరెళ్లిపోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. పిలిచిన రోజున వెళ్లి సహకరిస్తే, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులే కారణాలు రాసుకోవాల్సి వస్తుంది. వెళ్లకపోతే ఆ కారణం మీరే చేతికిచ్చినట్టు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అనేవాడు పక్కా దొంగ. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

నిజంగానే పట్టుకెళ్తే, ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఆదివారమైతే మెజిస్ట్రేట్ ఇంటికే తీసుకెళ్తారు. అరెస్టు కారణాలు మీకు అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్నది ఇక్కడే మనకు పనికొస్తుంది. కన్నడ రాదని మొదట్లోనే చెప్పండి. కన్నడ అక్షరాలు మన అక్షరాల్లాగే ఉండేసరికి సగం చదివేసి అర్థమైందనుకుంటాం. "సహి మాడి" (సంతకం పెట్టు) అంటూ తోసే కాగితాల్లో మహజరు, అంటే మన పంచనామా కూడా ఉంటుంది. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది అన్నది అందులోనే ఉంటుంది. ఎవరిచేతైనా చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు కానీ, మీ మాటను బట్టి ఏదైనా వస్తువు బయటపడితే అంతమేరకు చెల్లుతుంది. విచారణ మధ్యలో లాయరును కలిసే హక్కు ఉంది, అడగండి. కొడితే మెజిస్ట్రేట్‌కు చెప్పండి. అక్కడ మౌనంగా ఉండి తర్వాత చెబితే నమ్మేవాళ్లు తక్కువ.

ఫోన్లో చాట్లు డిలీట్ చేయకండి. అది సాక్ష్యం మాయం చేయడమని ఇంకో కేసవుతుంది.

లాయరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన స్టేషను ఏ కోర్టు కిందికి వస్తుందో స్టేషన్లోనే అడగొచ్చు. నృపతుంగ రోడ్డులో మెజిస్ట్రేట్ కోర్టులున్నాయి, మేయో హాల్లో కొన్ని ఉన్నాయి, పెద్ద నేరాలకు కేజీ రోడ్డులోని సిటీ సివిల్, సెషన్స్ కోర్టు ఉంది. మీ కేసున్న కోర్టులో రోజూ క్రిమినల్ కేసులు వాదించేవాళ్లే కావాలి. విధానసౌధ ఎదురుగా హైకోర్టులో పేరున్న లాయరు మొదటి రోజు రిమాండుకు అవసరం లేదు. ఊరి నుంచి తెచ్చుకునే లాయరు గురించి నా అభిప్రాయం ఇంకా కటువుగా ఉంటుంది: ఎంత మంచివాడైనా, కన్నడలో వచ్చే చార్జిషీటు చదవలేకపోతే ఆయనకు ఇంకో లాయరు కావాలి. కోలారు, పావగడ, బళ్లారి వైపు నుంచి వచ్చిన లాయర్లు ఇక్కడ బోలెడుమంది. కోర్టులో కన్నడ, ఇంట్లో తెలుగు. స్టేషన్ గేటు దగ్గర తనంతట తానే వచ్చి "ఎస్సై నాకు క్లోజ్" అనేవాడిని మాత్రం వదిలేయండి. లాయర్లు కేసుల కోసం అలా తిరగడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఫీజు బెయిలుకెంత, విచారణకెంత అని విడివిడిగా మాట్లాడుకుని రశీదు తీసుకోండి. "జడ్జిగారికి కూడా చూసుకోవాలి" అన్న మరుక్షణం లేచి వచ్చేయండి.

డబ్బుల్లేకపోతే 15100 హెల్ప్‌లైన్ ఉంది, న్యాయ సేవల సంస్థది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇవ్వాలి. మెజిస్ట్రేట్ అడిగినప్పుడు "నాకు లాయరు లేరు" అంటే చాలు.

బెయిలు వచ్చాక చాలామంది ఇరుక్కునేది జామీను దగ్గర. ఇక్కడ ఆస్తి ఉన్న మనిషి సంతకం కావాలంటారు. అద్దె ఫ్లాట్లో ఉండేవాడికి ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు? 1978లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే అడిగారు: దక్షిణాది మనిషిని బస్తర్లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుడు ఎక్కడి నుంచి వస్తాడని. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ సూచించింది. ఊళ్లో పొలం ఉన్న బంధువునో, నగదు పూచీకత్తునో ఒప్పుకోమని లాయరు చేత అడిగించండి. కమిషన్ తీసుకుని జామీనుకు మనుషుల్ని ఇచ్చే బ్రోకర్ల జోలికి పోవద్దు. దొంగ పత్రాలని తేలితే మీ బెయిలుకే ఎసరు.

జైలు తప్పకపోతే అది పరప్పన అగ్రహార. మరణశిక్ష, యావజ్జీవం, లేదా కనీసం పదేళ్ల శిక్ష పడే నేరాలకు 90 రోజుల్లో, మిగతావాటికి 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అడిగితేనే వస్తుంది, అదీ చార్జిషీటు పడేలోపు. లెక్క ఇంట్లోవాళ్లూ పెట్టుకోండి.

కేసు ఇక్కడ కాక గుంటూరులోనో కరీంనగర్లోనో పెట్టి ఉంటే, మీరు బెంగళూరులో ఉంటే, ఇక్కడి సెషన్స్ కోర్టులో కానీ హైకోర్టులో కానీ కొన్నాళ్లపాటు మాత్రం పనిచేసే ట్రాన్సిట్ ముందస్తు బెయిలు అడగొచ్చు. 2023లో సుప్రీంకోర్టు దీనికి దారి ఇచ్చింది. ఆ గడువులో మీ ఊరి కోర్టుకెళ్లి అసలు పిటిషన్ వేసుకోవాలి.

తర్వాతంతా వాయిదాలే. మీ కేసుకు కోర్టు ఇచ్చే ప్రత్యేక నంబరు, అంటే సీఎన్ఆర్ నంబరు, ఈకోర్ట్స్ యాప్‌లో పెట్టుకుంటే తేదీలు మీకే కనిపిస్తాయి. ఇల్లు మారితే కొత్త అడ్రసు లాయరు ద్వారా కోర్టుకు తెలియజేయండి. పాత అడ్రసుకు సమన్లు వెళ్లి తిరిగొస్తే వచ్చేది వారంటు.