గేర్‌బాక్స్ మార్చాక ట్రక్కు కదిలేటప్పుడు వణుకుతోందా? మళ్లీ దింపే ముందు ఇవి చూడండి

గేర్‌బాక్స్ మార్చారు, అన్నీ బిగించారు, ఫస్ట్ గేర్ వేసి పెడల్ వదులుతుంటే హాఫ్ క్లచ్ దగ్గరికి వచ్చేసరికి క్యాబిన్ మొత్తం దడదడలాడింది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. క్లచ్ ప్లేట్ బాగోలేదని ఎవరో అంటారు, వెంటనే గేర్‌బాక్స్ మళ్లీ కిందికి దిగుతుంది. నేనూ ఒకసారి అలాగే దింపి, కొత్త సెట్ వేసి ఎక్కించాను, వణుకు పిసరంత కూడా తగ్గలేదు, ఎందుకంటే తేడా క్లచ్‌లో లేదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి శక్తి చేరవేసే పొడవాటి షాఫ్ట్) మధ్యలో ఉండే సెంటర్ బేరింగ్ ఎత్తులో ఉంది. ట్రక్కు గేర్‌బాక్స్ దింపి ఎక్కించడం ఎంత బరువు పనో చేసినవాళ్లకి తెలుసు, కాబట్టి ముందు వణుకు సరిగ్గా ఏ క్షణంలో వస్తోందో పట్టుకోండి.

చదునైన నేల మీద, ఖాళీ బండితో, ఇంజన్ వేడెక్కాక మొదలుపెట్టండి. ఫస్ట్‌లో వేసి ఐడిల్‌కి కాస్త పైన ఉంచి పెడల్ నెమ్మదిగా వదలండి. పెడల్ సగంలో ఉన్నంతసేపే వణికి, కాలు పూర్తిగా తీసేయగానే ఆగిపోతే తేడా క్లచ్‌లో గానీ, ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఛాసిస్‌కి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్‌లలో గానీ ఉంది. కాలు తీసేశాక కూడా తక్కువ వేగంలో బండి లాగుతున్నప్పుడు వణుకు సాగితే అది షాఫ్ట్ వైపు సమస్య. క్లచ్ జడ్డర్ అంటే ప్లేట్ ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) మీద జారి, పట్టుకుని, మళ్లీ జారడం, ఇదంతా సెకనులో చాలాసార్లు జరుగుతుంది. ఒకసారి గట్టిగా పట్టేశాక జారడమే ఉండదు, ఇక వణుకు అక్కడినుంచి రావడానికి లేదు. ఇదే పరీక్ష రివర్స్‌లో కూడా చేయండి. రివర్స్‌లో ఇంజన్ రెండో వైపుకి ఒరుగుతుంది, ఒక దిశలో బాగా ఎక్కువ, రెండో దిశలో దాదాపు లేదు అంటే మౌంటింగ్ మీద అనుమానం పెట్టుకోండి. ఇంకొకటి, ఐడిల్‌లో ఇంజనే తడబడుతుంటే, ఒక సిలిండర్ సరిగ్గా మండకపోతే, హాఫ్ క్లచ్‌లో అదీ అచ్చం ఇలాగే అనిపిస్తుంది. ముందు దాన్ని సరిచేయండి.

మౌంటింగ్‌లు చూడటం తేలిక. చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి క్లచ్ కొద్దిగా మాత్రమే పట్టించి వెంటనే తొక్కేయాలి, ఇంకొకరు పక్కనుంచి ఇంజన్ ఎంత లేస్తోందో చూడాలి. బండి ముందుగానీ వెనకగానీ ఎవరూ నిలబడొద్దు. గేర్‌బాక్స్ మార్చినప్పుడు క్రాస్‌మెంబర్ (ఛాసిస్‌కి అడ్డంగా ఉండే దూలం) జరపడమో కొత్తది పెట్టడమో చేసి ఉంటే, రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే బోల్టులు బిగించి ఉండొచ్చు. అన్ని మౌంటింగ్‌లూ వదులు చేసి, ఇంజన్‌ని కాస్త అటూ ఇటూ ఊపి, అది సర్దుకున్నాక మళ్లీ బిగించండి. ఈ ఒక్క పనితో వణుకు పోయిన బండ్లు చూశాను.

ఇక షాఫ్ట్ యాంగిల్. ట్రక్కుల్లో ఇది ఎక్కువమంది వదిలేసే చోటు, నా దృష్టిలో అన్నిటికంటే ముందు కొలవాల్సింది కూడా ఇదే. కొత్త గేర్‌బాక్స్ పొడవు వేరైనా, దాని తోక కొంచెం పైకో కిందికో ఉన్నా, యూనివర్సల్ జాయింట్ల (షాఫ్ట్ వంపులో కూడా తిరిగేలా చివర్లలో ఉండే కీళ్లు) కోణాలు మారిపోతాయి. బండి బరువు చక్రాల మీదే ఉంచి కొలవండి, జాకీ మీద యాక్సిల్ వేలాడుతుంటే వచ్చే అంకెలు పనికిరావు. గేర్‌బాక్స్ ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే ముఖం) దగ్గర ఒక కోణం, షాఫ్ట్ మీద ఒకటి, డిఫరెన్షియల్ పినియన్ (షాఫ్ట్ నుంచి శక్తి అందుకునే గేరు) ఫ్లాంజ్ దగ్గర ఒకటి తీసుకోండి. ఒకే ముక్క షాఫ్ట్ అయితే గేర్‌బాక్స్, పినియన్ సమాంతరంగా ఉండాలి, రెండు జాయింట్ల దగ్గర కోణాల మధ్య తేడా 1 డిగ్రీ దాటకూడదు, ఒక్కో జాయింట్ దగ్గర కోణం సుమారు 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. రెండు ముక్కల షాఫ్ట్ అయితే సెంటర్ బేరింగ్ బ్రాకెట్ కింద షిమ్‌లు (పలచటి రేకు ముక్కలు) వేసో తీసో మొదటి ముక్క కోణం సరిచేయాల్సి వస్తుంది, దాని రబ్బరు చిరిగిందేమో కూడా అప్పుడే చూసేయండి. స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునేలా జారే అతుకు) విడదీసి మళ్లీ కలిపేటప్పుడు గుర్తులు కలవకుండా ఎక్కించి ఉంటే రెండు యోక్‌లు (జాయింట్‌ని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉండవు, అప్పుడు కోణాలు ఎంత బాగున్నా వణుకు పోదు. లోడ్ వేసినప్పుడు వణుకు తీరే మారిపోతోందంటే కమాను పట్టీలు దిగి పినియన్ కోణం మారుతోందని ఒక సూచన. యాక్సిల్‌ని పట్టీలకి బిగించే యు బోల్టులు వదులైనా పట్టీలు మెలితిరిగి యాక్సిల్ ముక్కు పైకి లేస్తుంది, కాబట్టి అవీ చూడండి.

ఇవన్నీ బాగుండి, వణుకు హాఫ్ క్లచ్‌లోనే ఉంటే, ఏ ప్లేట్ వేశారో గుర్తు తెచ్చుకోండి. మామూలు ఆర్గానిక్ లైనింగ్ ప్లేట్ ఒదగడానికి 500 నుంచి 800 కిలోమీటర్లు పడుతుంది, ఆగుతూ కదులుతూ నడిపే దూరం అది. కొద్దిపాటి వణుకైతే ఈలోపు తగ్గిపోవచ్చు. బటన్ రకం సిరామిక్ ప్లేట్ల తీరే వేరు, వాటిలో చాలావాటికి లైనింగ్ మధ్య కుషన్ స్ప్రింగ్ ఉండదు, ఒక్కసారిగా పట్టేస్తాయి, వాటి వణుకు పూర్తిగా పోవాలంటే ప్లేటే మార్చాలి. రెండిట్లో ఏదైనా సరే, కావాలని జారించి మంట పుట్టించి దారికి తెస్తాననుకోవద్దు, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడతాయి, ఆ మచ్చల దగ్గర లోహం గట్టిపడి వణుకు ఇంకా పెరుగుతుంది.

దింపక తప్పదనుకుంటే ముందు బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉంచే గంట ఆకారపు కవచం) కింది మూత తీసి ఆయిల్ జాడ చూడండి. గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటైన వాసన ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌కి ఉండదు, కాబట్టి ఏ సీల్ కారుతోందో వాసనతోనే చాలావరకు తెలిసిపోతుంది. ఆయిల్ పీల్చిన ప్లేట్‌ని కడిగి వాడొద్దు, మార్చేయండి. దుమ్ముని గాలితో ఊదొద్దు, పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. కొత్త ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమే భాగం), ఫ్లైవీల్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అది తుడవకుండా బిగించేస్తే మొదటిరోజు నుంచే జడ్డర్ మొదలవుతుంది. స్ప్లైన్‌ల (ప్లేట్ జారి కూర్చునే షాఫ్ట్ మీది పళ్ల గాడులు) మీద గ్రీజు పలచగా రాసి, ప్లేట్‌ని ఓసారి జరిపి, మిగిలింది తుడిచేయండి.

గేర్‌బాక్స్ దింపాక మాత్రం నేను ముందు వెతికేది డోవెల్ పిన్‌లు, అంటే గేర్‌బాక్స్‌ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టే పిన్‌లు. పాతది తీసేటప్పుడు అవి ఊడి దానితోపాటే వెళ్లిపోతాయి, కొత్తదాన్ని బోల్టుల మీదే ఎక్కించేస్తారు, బోల్టు రంధ్రాల్లో ఉండే సందుకి బెల్ హౌసింగ్ పక్కకి జరిగి కూర్చుంటుంది. వేరే రకం గేర్‌బాక్స్‌ని ఇంజన్‌కి కలపడానికి అడాప్టర్ ప్లేట్ వాడినచోట ఇది ఇంకా ఎక్కువ. ఫ్లైవీల్‌కి డయల్ గేజ్ (సన్నటి తేడాలు ముల్లుతో చూపే కొలత సాధనం) తగిలించి, క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ బెల్ హౌసింగ్ రంధ్రం అంచునీ, ముఖాన్నీ కొలవండి. పికప్ సైజు ట్రక్కుల్లో సాధారణంగా చెప్పే హద్దు 0.13 మి.మీ., అంటే అంగుళంలో 0.005. పెద్ద బండ్లకి కొంచెం ఎక్కువ ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. రంధ్రం దగ్గర గేజ్ చూపే మొత్తంలో సగమే అసలు జరుగుడు, ఆఫ్‌సెట్ డోవెల్‌లు (ఆ జరుగుడుని సరిచేసేలా మధ్య పక్కకి ఉండే పిన్‌లు) ఎంచుకునేటప్పుడు ఆ సగాన్నే లెక్కలోకి తీసుకోండి.

పైలట్ బేరింగ్ (క్రాంక్ చివర గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనని పట్టి ఉంచే బేరింగ్) సైజు కొత్త ఇన్‌పుట్ షాఫ్ట్ కొనకి సరిపోయిందో లేదో చూడండి. ప్లేట్‌మీద ఫ్లైవీల్ వైపు అని రాసిన ముఖం అటే ఉండాలి. ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువు ప్లేట్ మీద ఒక్క నిమిషం వేలాడినా హబ్ వంగిపోవచ్చు, జాక్ తీయొద్దు. గేర్‌బాక్స్ చివరి అంగుళం కూడా చేత్తో తోస్తేనే కూర్చోవాలి. బోల్టులతో లాగాల్సి వస్తోందంటే అక్కడే ఆగి, వెనక్కి తీసి, ఎక్కడ అడ్డుపడుతోందో చూడండి.