కార్తీక సముద్ర స్నానం: మైపాడు, కొత్తపట్నం వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

కార్తీకం దగ్గర పడితే నెల్లూరు వాళ్లకు మైపాడు, కోడూరు, ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం, సింగరాయకొండ చుట్టుపక్కల వాళ్లకు పాకల గుర్తొస్తాయి. సోమవారాలు ఒక ఎత్తు, పౌర్ణమి ఒక్కటే ఒక ఎత్తు. ఆ రోజు తెల్లవారుజామున మూడింటికే ఆటోలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. పుణ్యం సంగతి ఎవరి నమ్మకం వాళ్లది, దాని జోలికి నేను పోను. మన తీరంలో సముద్రం బాగా పొగరు మీదుండే రోజులు ఇవే అని మాత్రం చెప్తాను. వేసవి సెలవుల్లో పిల్లలు ఆడుకున్న సముద్రమే కదా అనుకుని దిగకండి.

నెల్లూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా లేచేదీ ఈ నెలల్లోనే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర దాటిన మొంథా, రెండూ కార్తీకంలో వచ్చినవే. తుపాను కాకినాడ వైపు పోతోందంటే మనవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. గాలి అటే పోవచ్చు గానీ, అది లేపిన అలలు వందల కిలోమీటర్లు దాటి మన ఒడ్డుకూ వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తున్నా, గాలి లేకపోయినా, సముద్రం మాత్రం పొంగుతూనే ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ కాబట్టి నీళ్లు మామూలు రోజులకన్నా పైకి ఎక్కుతాయి.

అందుకే ముందు రోజు కృష్ణపట్నం పోర్టులో ఏదైనా ప్రమాద హెచ్చరిక ఎగరేశారా అని వార్తల్లో చూడండి. ఈ హెచ్చరికలకు 1 నుంచి 11 దాకా నంబర్లు ఉంటాయి. ఒకటో నంబరే కదా అని తీసిపారేయొద్దు. సముద్రంలో దూరంగా వాయుగుండం ఉందని దాని అర్థం, స్నానం వాయిదా వేసుకోవడానికి అది చాలు. నెలలో సోమవారాలు ఇంకా ఉంటాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు గురించి హెచ్చరికలు ఇస్తుంది, ఫోన్లో చూసుకోవచ్చు. అక్కడికి చేరాక పల్లెపాలెం, అంటే వేటకు పోయేవాళ్ల ఊరి, బోట్లు చూడండి. వేటకు పోవాల్సిన బోట్లన్నీ ఇసుక మీదే ఉంటే ఎందుకని అడగండి. పండగకో, ఊరి కట్టుబాటుకో ఆగారంటే సరే. సముద్రం బాగాలేక ఆగారంటే, రోజూ దాని మీద బతికేవాళ్లే దిగనప్పుడు మనం దిగడమేంది?

అసలు సంగతి ఎక్కడ దిగుతామన్న దాంట్లో ఉంది. ఒడ్డున పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. ఒకచోట అలలు వరసగా విరిగి తెల్లగా నురగ వస్తుంటుంది. దాని పక్కనే పాయలాగా కొంత మేర అల విరగదు. నీళ్లు కాస్త ముదురు రంగులో, నెమ్మదిగా కనిపిస్తాయి. చంటిపిల్లలున్న తల్లి ఎవరైనా ఆ నెమ్మది చోటునే ఎంచుకుంటుంది. గండం అక్కడే ఉంది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా. నీళ్ల కింద ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ లోతైన సందు ఉంటే అక్కడ్నుంచి పోతాయి. లోతు ఉంది కాబట్టే అక్కడ అల విరగదు. రిప్ కరెంట్ అని వార్తల్లో చెప్పేది దీన్నే. నురగ, కొబ్బరి చిప్పలు, పూలదండలు ఒడ్డుకు రాకుండా ఒకే దారిలో లోపలికి పోతుంటే ఇంక అనుమానమే అక్కర్లేదు. తుపాను వచ్చిపోతే ఈ సందులు చోటు మారతాయి, పోయినేడు స్నానం చేసిన చోటే కదా అన్న ధీమా పనికిరాదు.

ఇవేవీ చీకట్లో కనపడవు. మూడింటికీ నాలుగింటికీ దిగేవాళ్లతో నా పేచీ అదే. సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందే నీళ్లు కనిపించేంత వెలుగు వస్తుంది. అప్పుడు మునిగినా సూర్యోదయానికి ముందు స్నానం చేసినట్టే. ఆ వెలుగు వచ్చేదాకా పాలెంలో ఎవరైనా పెద్దాయన కనిపిస్తే, “తాతా, యాడ దిగితే మంచిది?” అని అడగండి. చెయ్యెత్తి చూపిస్తారు. “ఆడ మాత్రం దిగబాకండి అబ్బయా, నీళ్లు లాగతా ఉండాయి” అన్నారంటే వాదన పెట్టుకోకండి. పెన్న సముద్రంలో కలిసే చోటుకీ, వాగులు, కాలవలు కలిసే మొగలకీ అసలు పోవద్దు. వానాకాలంలో పైనుంచి వచ్చే వరద, కింద నుంచి వచ్చే పోటు అక్కడ తలపడతాయి.

మోకాలి లోతు దాటొద్దని అందరూ చెప్తారు. ఏ మోకాలు? అల వెనక్కి పోయినప్పుడు మోకాలి దాకా ఉంటే, అది తిరిగి వచ్చినప్పుడు నడుం దాటుతుంది. అల వచ్చినప్పుడు మోకాలు తాకే చోటే ఆగాలి. అక్కడ నిలబడ్డా కాళ్ల వైపు చూస్తూ ఉండండి. అల వెనక్కి తీస్తుంటే ముందు మడమల కింద ఇసుక జారుతుంది, మడమలు దిగబడి ఒళ్లు వెనక్కి వాలుతుంది. సర్దుకునేలోపు రెండో అల వచ్చి మోకాళ్ల మీద కొడుతుంది. పెద్దవాళ్లు పడేది ఎక్కువగా ఇలాగే. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి, అలకు పక్కకి తిరిగి నిలబడితే ఈ తోపు తట్టుకోవచ్చు. ఒక్కచోటే పాతుకుపోకుండా అల పోయినప్పుడల్లా ఒక అడుగు ఒడ్డుకు జరగండి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగడం మాత్రం వద్దే వద్దు.

చీర సంగతి ఎవరూ చెప్పరు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినా కాలు ఆడదు. నీళ్లు పట్టని పల్చటి చీర కట్టుకుని, కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, కొంగు నడుముకి బిగించండి. పట్టుచీర తీరం మీద పూజకు ఉంచుకోండి. దీపాలది ఇంకో తంటా. అరటి దొప్పలో దీపం వదిలితే అల దాన్ని మళ్లీ ఒడ్డుకే తెస్తుంది. ఇంకాస్త లోపల వదిలితే పోతుందని రెండడుగులు, అది కూడా తిరిగొస్తే ఇంకో రెండడుగులు. చూపంతా దీపం మీదే ఉంటుంది, అల మీద ఉండదు. దీపం ఇసుకలో పెట్టి దణ్ణం పెట్టుకోవచ్చు, లేదా గుడి కోనేట్లో వదలొచ్చు. సముద్రంలోనే వదలాలన్న పట్టింపు ఈ మధ్య ఫోన్ వీడియోలతో పెరిగింది తప్ప ఇంకేం కాదు, నా ఉద్దేశంలో.

పిల్లల్ని వేళ్లు పట్టుకుని కాదు, మణికట్టు పట్టుకుని దింపండి. తడి వేళ్లు జారిపోతాయి. ఒక పిల్లకు ఒక పెద్దమనిషి ఉండాలి. ముసలివాళ్లు నీళ్లలోకి పోనే అక్కర్లేదు, ఒడ్డున కూర్చుంటే చెంబుతో తెచ్చి పోయండి. ఇక బావిలో ఈత నేర్చుకున్న కుర్రాళ్లు. బావిలో నీళ్లు ఎటూ లాగవు, గట్టు చేతికి అందుతుంది. ఆ ఈత ధైర్యం మీద సముద్రంలో పందేలు వేసుకుంటారు, పైగా కొందరు మందు వేసుకుని. పౌర్ణమికి పోలీసులు, గజ ఈతగాళ్లు ఉంటారు. మామూలు ఆదివారం ఎవరూ ఉండరని గుర్తుంచుకోండి.

నీళ్లు లాగుతున్నాయని తెలిస్తే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. ఎంత ఈత వచ్చినా అలసిపోతారు. ఆ ప్రవాహం పాయలాంటిదే, వెడల్పు తక్కువ. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది దాన్ని దాటి, అలలు విరిగే చోటు నుంచి బయటికి రండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి కేకెయ్యండి. రిప్ కరెంట్ మనిషిని కిందికి లాగదు, దూరంగా లాగుతుంది. మునగడం చాలాసార్లు భయంతో కొట్టుకోవడం వల్లే.

ఒడ్డునున్నవాళ్లు ఒకరి వెంట ఒకరు దూకడం వల్ల ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు పోతున్నారు. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌కి పొడుగాటి తాడు కట్టి తీసుకుపోండి. విసిరితే మనిషిని తేల్చి ఉంచుతుంది, లాగడానికి తాడూ ఉంటుంది. 112కి, 108కి వెంటనే ఫోన్ చేయించండి.

బయటికి తీశాక తలకిందులు చేసి తిప్పడం, పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర పెద్ద అలవాటు. అది చేయకండి. టైం పోతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి ఉందా చూడండి. లేకపోతే ముక్కు మూసి నోట్లో ఐదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం, అంబులెన్స్ వచ్చేదాకా ఇలాగే. తేరుకుని లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. నీళ్లు మింగినవాళ్లకు కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

ఒడ్డు మీద చెప్పులతో నడవండి. వలల్లోంచి తీసి పారేసిన జెల్ల చేపల ముళ్లు ఇసుకలో ఉంటాయి, గుచ్చుకుంటే రోజంతా సలుపుతాయి. వలలో పడిన సముద్రపు పాము ఒక్కోసారి అక్కడే పడి ఉంటుంది. చచ్చిందనుకుని కర్రతో కదిలించకండి. ఆసుపత్రుల్లో మామూలుగా ఇచ్చే పాము విషం మందు మన నేల మీది నాలుగు రకాల పాములకే తయారైంది, సముద్రపు పాము కాటుకు దాన్ని నమ్ముకోలేం. జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దొద్దు, సముద్రపు నీళ్లతోనే కడగండి.

దారి గురించి ఒక్కమాట. మైపాడు రోడ్డులో పక్కనే రొయ్యల గుంటలు, కాలవలు. వేకువ మంచులో మలుపు కనపడదు, నాట్ల టైం కాబట్టి ట్రాక్టర్లు కూడా లైట్లు లేకుండా ఎదురొస్తాయి. ఆటోలో పదిహేను మందిని కుక్కకండి. కారును ఇసుకలోకి దింపొద్దు, దిగబడితే పోటు వచ్చేలోపు తీయడం పెద్ద టెన్షన్. సరుగుడు తోట దగ్గర గట్టి నేల మీద ఆపి, ఒక మనిషిని పొడి బట్టలు, ఫోన్లు, తాళాలతో అక్కడే కూర్చోబెట్టండి.