స్టార్ పరీక్షలో పిల్లలకు సౌకర్యాలు: టెక్సస్ తెలుగు తల్లిదండ్రులు ఆగస్టులోనే చేయాల్సిన పని

టెక్సస్ బళ్లలో ఏటా పెట్టే రాష్ట్ర స్థాయి స్టార్ (STAAR) పరీక్షలు ఏప్రిల్‌లో. సౌకర్యాలు (అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించడం లాంటి సాయాలు) అడగాల్సింది మాత్రం బడి తెరిచిన ఆగస్టులో. డాలస్ చుట్టుపక్కల బళ్లలో తెలుగు తల్లిదండ్రుల పక్కన దుబాసీగా కూర్చుంటాను. మార్చిలో పరుగున వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. క్లాసులో అలవాటుగా వాడని సౌకర్యాన్ని పరీక్ష రోజున కొత్తగా ఇవ్వరు.

ముందు తేల్చుకోండి: మీ బిడ్డకు అడ్డుపడుతున్నది ఇంగ్లిషా, వైకల్యమా, రెండూనా?

ఇంగ్లిషే అయితే, బడిలో చేర్చేటప్పుడు ఇంటి భాష ఫారంలో తెలుగు అని నిజం రాయండి. బిడ్డను తక్కువగా చూస్తారేమోనని ఇంగ్లిష్ అని రాసేవాళ్లున్నారు. అలా రాస్తే సాయానికి దారే మూసుకుపోతుంది. ఈ పిల్లలకు ఏ సౌకర్యం కావాలో ఎల్‌ప్యాక్ (LPAC), అంటే ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల సంగతి చూసే బడి కమిటీ, నిర్ణయిస్తుంది. తెలుగులో ప్రశ్నపత్రం ఉండదు. స్పానిష్‌లో కూడా 3 నుంచి 5 తరగతులకే ఇస్తారు. మనం అడగగలిగినవి కష్టమైన మాటలకు తెర మీద వివరణ, గణితం ప్రశ్నలు చదివి వినిపించడం, అదనపు సమయం లాంటివి.

వైకల్యం అనుమానమైతే నోటిమాటతో ఆగకండి. ప్రిన్సిపాల్‌కు గానీ స్పెషల్ ఎడ్యుకేషన్ అధికారికి గానీ ఈమెయిల్ పెట్టండి: "మా అమ్మాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి మూల్యాంకనం చేయండి." కింద తేదీ వేయండి. 15 బడి రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. మీరు సమ్మతి సంతకం పెట్టాక, మామూలుగా 45 బడి రోజుల్లో నివేదిక రావాలి. ఈ లెక్కతో ఆగస్టు ఉత్తరం సంక్రాంతి నాటికి ఫలిస్తుంది. జనవరి ఉత్తరం ఆ ఏటి పరీక్షకు అందదు.

"ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే మాట రావడం లేదు, మానేయండి" అని ఎవరన్నా ఒప్పుకోకండి. రెండు భాషలు వినడం వల్ల లోపం రాదు. ఈ మూల్యాంకనం బిడ్డకు బాగా వచ్చిన భాషలో చేయమని అడిగే హక్కు మీకుంది.

తర్వాత ఆర్డ్ (ARD) మీటింగ్, అంటే నివేదిక చూసి బిడ్డకు స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత, సాయాలు తేల్చే సమావేశం. దుబాసీ కావాలని ముందే రాయండి, ఖర్చు బడిదే. ఇరుగుపొరుగు అబ్బాయిని తీసుకెళ్లి సరిపెట్టుకోవద్దు, మీ ఇంటి సంగతులు అక్కడ బయటపడతాయి. ఐఈపీలో (బిడ్డకు బడి ఇచ్చే సాయాలు రాసే పత్రంలో) "అవసరమైనప్పుడు అదనపు సమయం" అని రాస్తే వదలకండి. ఏ సబ్జెక్టుకు, ఎంతసేపు, ఏ గదిలో, ఎవరు చదివి వినిపిస్తారు? అన్నీ రాయించి, కాపీ ఇంటికి తెచ్చుకోండి. స్పెషల్ ఎడ్యుకేషన్‌కు అర్హత రాకపోతే అక్కడే 504 ప్లాన్ (వైకల్యమున్న పిల్లలకు మామూలు క్లాసులోనే సౌకర్యాలిచ్చే ఏర్పాటు) గురించి అడగండి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న పిల్లలు చాలామందికి అదే అక్కరకొస్తుంది.

కాలేజీ ప్రవేశాల కోసం శాట్ (SAT) రాసే పిల్లలకు మరో మాట. వైకల్యం వల్ల ఇచ్చే సౌకర్యాలకు బడి ఐఈపీ ఒక్కటే చాలదు, శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు విడిగా ఆమోదించాలి. దానికి 7 వారాల దాకా పట్టొచ్చు, బడి కోఆర్డినేటర్‌తో దరఖాస్తు ముందుగానే పెట్టించండి. "కాలేజీలకు తెలిసిపోతుందేమో" అని దాచాల్సిన పని లేదు. స్కోర్ రిపోర్టులో సౌకర్యాల ప్రస్తావన ఉండదు.