ఎండాకాలంలో పసిబిడ్డతో ఒకపూట షికారు: కర్నూలు వాళ్లకు జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో ఎండ 40 డిగ్రీలు దాటడం వార్తే కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. అలాంటి రోజుల్లో ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డను చంకన వేసుకుని షికారు అంటే సాహసమే. అయినా సెలవులు వచ్చేది అప్పుడే, చుట్టాలు దిగేదీ అప్పుడే. మానుకోమని చెప్పను. ఒకపూటే వెళ్లండి, ఒక్క చోటుకే వెళ్లండి, పొద్దున పది గంటలకల్లా నీడ పట్టున చేరండి.

ఈ ఏర్పాటును చెడగొట్టేది ఎండ కంటే ముందు పెద్దవాళ్లే. "ఇంత దూరం వచ్చాం, అది కూడా చూసి పోదాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాటకు ఒప్పుకోకూడదని బయలుదేరే ముందే ఇంట్లో తీర్మానించుకోండి. ముందు రోజు రాత్రి విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాల జాబితా చూడండి. మీరు వెళ్లే మండలానికి వడగాడ్పుల హెచ్చరిక ఉంటే ప్రయాణం మరో వారానికి వాయిదా వేయండి.

చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. నంద్యాల దారిలోని ఓర్వకల్లు రాతివనం దగ్గరే, బాగుంటుంది కూడా. కానీ అది పగలంతా ఎండకు కాగిన బండల మధ్య నడక. పొద్దు వాలాక కూడా ఆ రాళ్లు సెగలు కక్కుతూనే ఉంటాయి. అందువల్ల పసివాళ్లతో అయితే సాయంత్రం కంటే ఉదయమే మేలు. గేటు ఎన్నింటికి తెరుస్తారో ముందే ఫోను చేసి కనుక్కోండి. తుంగభద్ర దాటి అలంపురం వెళ్లేవాళ్లు చెప్పులు విప్పాల్సిన సంగతి మరవకూడదు. తొమ్మిది దాటితే ఆలయాల ఆవరణలో రాతి పరుపు మీద పెద్దవాళ్లే గెంతుతూ నడుస్తారు. బిడ్డకు మందపాటి నూలు మేజోళ్లు వేయండి, లేదా ఎత్తుకునే తిరగండి.

బెలూం గుహల్లో చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. లోపల ఉండేది ఉక్కపోత. మొత్తం 3,229 మీటర్ల గుహలో సుమారు కిలోమీటరున్నర మేర సందర్శకులను అనుమతిస్తారు. మెట్లు, ఇరుకు దారులు, చెమట అన్నీ కలిసి చంటిపిల్లలకు అది సరైన చోటు కాదు. మూడు, నాలుగేళ్లు ఆగి చూపించండి, గుహ ఎక్కడికీ పోదు. యాగంటిలో కాకులు ఉండవని ప్రసిద్ధి, కోతులకు మాత్రం కొదవ లేదు. పిల్లల చేతిలో అరటిపండో బిస్కెట్టో కనిపిస్తే అవి ఊరుకోవు. కోతి గీరినా, కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి.

పసిపిల్లల మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే, బరువుతో పోల్చితే వాళ్ల ఒంటి చర్మం ఎక్కువ, అందుకే వేడిని త్వరగా లాగేసుకుంటుంది. చెమట పట్టి చల్లబడే శక్తి పెద్దవాళ్లకు ఉన్నంత ఉండదు. పైగా దాహం వేస్తోందని చెప్పడం వాళ్లకు రాదు. అడిగినప్పుడు ఇద్దాంలే అనుకోకుండా పావుగంటకోసారి రెండు గుటకలు తాగించండి. పాలు తాగే బిడ్డకు పాలే ఇంకొన్నిసార్లు ఎక్కువ పట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి. లీటరు ప్యాకెట్టును కాచి చల్లార్చిన లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం పొడి వేసి అందాజుగా కలిపితే మేలు కంటే కీడు ఎక్కువ. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఓఆర్ఎస్ పేరుతో దుకాణాల్లో అమ్మిన తియ్యటి పండ్ల పానీయాలు ఆ పనికి రావు. అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా. దారి పక్కన చెరకు రసం పెద్దవాళ్లు తాగితే తాగండి, బిడ్డకు ఆ ఐసు ముక్కలు వద్దు.

తిండి విషయంలో మన ఉగ్గాని మంచి ఎంపిక. మిరపకాయలు వేయకముందే బిడ్డకు కొంచెం తీసి పక్కన పెట్టండి. నానిన బొరుగులు మెత్తగా ఉంటాయి, పుట్నాల పొడి వల్ల కడుపు నిండుతుంది. బజ్జీ మీకే. పెరుగన్నం తీసుకెళితే రెండు గంటల్లో తినిపించేయండి, మిగిలింది ఇంటికి తేవద్దు. వేయించిన వేరుశనగ గింజలు మాత్రం పసివాళ్లకు అందనివ్వద్దు. మన దగ్గర ఏ చేతిసంచిలో చూసినా అవి దొరుకుతాయి. ఒక్క గింజ గొంతులో ఇరుక్కున్నా ప్రాణం మీదికి వస్తుంది. తాటిముంజలు పెడితే పొర తీసి, చిన్న ముక్కలు చేసి, కూర్చోబెట్టి తినిపించాలి. నున్నగా జారే కాయను పూర్తిగా నోట్లో పెట్టకూడదు.

ప్రయాణం కారులో అయితే తలుపులు తీసి వేడిగాలి బయటికి పోయాకే బిడ్డను ఎక్కించండి. సీటు బెల్టు ఇనుప కొక్కేన్ని ముందు మీ చేత్తో పట్టుకుని చూడండి. ఎండలో నిలిపిన బండిలో అది చురుక్కుమంటుంది, పిల్లల తొడకు తగిలితే బొబ్బ ఎక్కుతుంది. మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్దగా ప్రయోజనం ఉండదు. నిద్రపోయిన బిడ్డను కారులో వదిలి కూల్‌డ్రింకు కొనడానికి దిగడం ఒక్క నిమిషం కోసమైనా కూడదు. బైకు మీద వెళ్లేవాళ్లకు 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 9 నెలల నుంచి 4 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్టు, పట్టీల జాకెట్టు ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు మించకూడదు. వడగాలిలో అంత నెమ్మదిగా వెళ్లగలిగే దూరమే బైకుకు తగిన దూరం.

బిడ్డను కూర్చోబెట్టి తోసే బండి (స్ట్రోలరు) మీద దుప్పటి కప్పవద్దు, లోపల గాలి ఆడక ఉడికిపోతారు. వదులైన నూలు దుస్తులు, అంచు వెడల్పుగా ఉన్న టోపీ చాలు.

తుంగభద్ర ఒడ్డున గానీ, కేసీ కాలువ గట్టున గానీ, మహానంది కోనేటి మెట్ల మీద గానీ బిడ్డ చెయ్యి పట్టుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి ఫోను చూడకూడదు. "అందరం ఉన్నాం కదా" అన్న చోటే ఎవరూ చూడరు. పసివాళ్లు నీళ్లలో పడితే కేకలు వినపడవు, జానెడు లోతు కూడా వాళ్లకు ఎక్కువే.

ఆరు గంటలు గడిచినా మూత్రం పోయకపోతే, నాలుక ఎండితే, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. ఓఆర్ఎస్ చెంచాతో పట్టిస్తూ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఒళ్లు కాలిపోతూ, మగతగా పడి ఉండి, పిలిచినా సరిగా పలకకపోతే, లేదా మూర్ఛ వస్తే అది వడదెబ్బ. 108కి ఫోను చేసి, బిడ్డను నీడలోకి తీసుకెళ్లి, బట్టలు విప్పి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడుపుతూ విసరండి. జ్వరం మందు దీనికి పని చేయదు. మగతగా ఉన్న బిడ్డ నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్సు ఎక్కాక కూడా తడపడం, విసరడం ఆపవద్దు.