ఆండ్రాయిడ్ స్వయంబోధిని – 9వ పాఠం: మార్పుల వార్తలను చదవడం

గత పాఠంతో మన ఖర్చుల లెక్క యాప్ ప్లే స్టోర్‌కు చేరింది. ఇక్కడితో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు గాని, స్టోర్‌లో పెట్టిన యాప్‌ను ముట్టుకోకుండా వదిలేస్తే అది ఉన్నచోటనే పాతబడుతుంది. దానికి ఆధారమైన ఆండ్రాయిడ్, దానిని జనానికి అందించే స్టోర్, అది వాడుకునే లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన కోడ్ మూటలు) మూడూ వేర్వేరు వేగాలతో మారుతూనే ఉండడం ఇందుకు కారణం. ఆ మార్పుల సమాచారాన్ని ఎలా చదవాలో, చదివినదాన్ని మన కోడ్‌కు ఎలా అన్వయించుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా వడపోత నేర్చుకోవాలి. రోజూ వచ్చే వార్తల్లో అధికభాగం కొత్త సౌకర్యాల గురించినవే; వాటిని ఆరు నెలల తర్వాత చదివినా నష్టం లేదు. తేదీతో వచ్చే వార్త వేరు. ఫలానా తేదీ తర్వాత ఫలానా షరతు తీరని అప్‌డేట్‌ను స్వీకరించబోమని ప్లే స్టోర్ చెప్పినప్పుడు, అది మన పనుల పట్టికలోకి వెళ్లవలసిన విషయం. వీటిలో ఏటా వచ్చేది టార్గెట్ ఎస్‌డీకే గడువు; యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ నియమాలకు సిద్ధంగా ఉందో చెప్పే అంకె ఇది. 2023 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు, అప్‌డేట్లు 33ను, అంటే ఆండ్రాయిడ్ 13ను, లక్ష్యంగా పెట్టుకోవలసి వచ్చింది; 2024లో అదే తేదీకి 34, 2025లో అదే తేదీకి 35 అయ్యాయి. ఈ వరుస తెలిసినవారు ఆగస్టు దాకా ఆగరు, వేసవిలోనే పరీక్ష మొదలుపెడతారు.

గ్రేడిల్ ఫైలులో, అంటే యాప్ నిర్మాణ సూచనల ఫైలులో, మనం రాసిన మూడు అంకెలను ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోవాలి. కంపైల్ ఎస్‌డీకే, కోడ్ రాసేటప్పుడు ఏ వెర్షన్ సౌకర్యాలు మనకు అందుబాటులో ఉంటాయో నిర్ణయిస్తుంది. మిన్ ఎస్‌డీకే, ఎంత పాత ఫోన్ దాకా యాప్ ఇన్‌స్టాల్ అవుతుందో చెబుతుంది. టార్గెట్ ఎస్‌డీకే మాత్రం ఒక ఒప్పుదల వంటిది: ఈ వెర్షన్‌లో వచ్చిన కొత్త నియమాలకు నా యాప్ సిద్ధంగా ఉంది, వాటిని దీనిపై అమలు చేయవచ్చు అని వ్యవస్థకు మనమే చెబుతున్నాం. అందుకే ఆ అంకె పెంచిన రోజున, కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా, యాప్ వేరుగా ప్రవర్తించవచ్చు.

ప్రతి ఆండ్రాయిడ్ వెర్షన్‌కూ అధికారిక డాక్యుమెంటేషన్‌లో ప్రవర్తన మార్పుల పేజీలు రెండు ఉంటాయి. ఒకటి అన్ని యాప్‌లకూ వర్తించేది, రెండవది ఆ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు మాత్రమే వర్తించేది. మొదటిదాన్ని ఫోన్లకు కొత్త వెర్షన్ చేరేలోగానే చదవాలి, ఎందుకంటే అక్కడ మన ఒప్పుదలతో పని లేదు. రెండవదాన్ని టార్గెట్ అంకె పెంచే ముందు చదవాలి. నా మట్టుకు, సంవత్సరానికి ఈ రెండు పేజీలు శ్రద్ధగా చదివినవారికి మిగతా వార్తలు సగం తప్పినా ఫరవాలేదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 35ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్, ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో అంచు నుంచి అంచుకు పరుచుకుంటుందని రెండవ పేజీ చెబుతుంది. అంటే పైన గడియారం ఉండే స్టేటస్ బార్ వెనుకకూ, కింద నావిగేషన్ బార్ వెనుకకూ మన తెర విస్తరిస్తుంది. మన యాప్‌లో కొత్త ఖర్చు నమోదు చేసే తెర అడుగున ‘భద్రపరచు’ బటన్ ఉంది కదా. ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిచే నమూనా ఫోన్‌లో, మూడు బటన్ల నావిగేషన్ పెట్టి ఆ తెర తెరిస్తే, ఆ బటన్ నావిగేషన్ బార్ కిందికి పోయి మసకగా కనిపిస్తుంది. దానిని నొక్కబోతే హోమ్ బటన్ పడి యాప్ నుంచి బయటకు వచ్చేస్తాం. కంపోజ్ పద్ధతిలో రాసిన తెరలకు, తెర చట్రమైన స్కాఫోల్డ్ ఇచ్చే ప్యాడింగ్ (అంచున వదిలే ఖాళీ) విలువను లోపలి భాగానికి అందిస్తే ఈ చిక్కు తీరుతుంది; మనం నాలుగవ పాఠంలో ఆ విలువను వాడకుండా వదిలేశాం, ఇప్పుడు దాని అవసరం వచ్చింది. ఈ నియమం నుంచి తాత్కాలికంగా తప్పించుకునే థీమ్ గుణం ఒకటి ఆండ్రాయిడ్ 15లో ఉంది గాని, 36ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు ఆండ్రాయిడ్ 16లో అది పనిచేయదు. ఏడాదిలో తీసేయవలసిన అడ్డుకట్ట కోసం శ్రమపడడం కంటే తెరలను సరిచేసుకోవడమే మేలు.

కొన్ని వార్తలు మనవి కావనిపించి మనవే అవుతాయి. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకున్న కొత్త యాప్‌లు, అప్‌డేట్లు 16 కేబీ మెమరీ పేజీలు (ఫోన్ తన మెమరీని పంచే ముక్కలు) ఉన్న ఫోన్లలోనూ పనిచేయాలన్న షరతు 2025 నవంబరు 1 గడువుతో వచ్చింది. అంతకుముందు ఆండ్రాయిడ్ పేజీ పరిమాణం 4 కేబీ. పూర్తిగా కోట్లిన్ భాషలో రాసిన యాప్‌కు దీనితో పని లేదన్న మాట నిజమే. అయితే బయటి నుంచి తెచ్చుకున్న బొమ్మల లైబ్రరీలోనో, డేటాబేస్ లైబ్రరీలోనో సీ ప్లస్ ప్లస్ కోడ్ దాగి ఉండవచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఏపీకే అనలైజర్‌లో, అంటే యాప్ ఫైలును విప్పి చూపే పనిముట్టులో, యాప్‌ను తెరిచి, లిబ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. అందులో ఎస్‌ఓ ఫైళ్లు (అలాంటి కోడ్ ఉండే ఫైళ్లు) కనిపిస్తే ఈ వార్త మనదే. గూగుల్ వారి ఫ్లట్టర్ చట్రంతో చేసిన యాప్‌లలో ఆ ఫైళ్లు తప్పకుండా ఉంటాయి.

సేవలు మూతపడే వార్తలదీ ఇదే తీరు. నొక్కినవారిని యాప్‌లోని సరైన చోటికి తీసుకెళ్లే లింకులిచ్చిన గూగుల్ సేవ, ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్, 2025 ఆగస్టు 25న ఆగిపోయింది. అలా ఆగుతుందన్న ప్రకటన 2023లోనే వచ్చింది గనుక, చదివినవారికి కోడ్ మార్చుకోవడానికి కావలసినంత వ్యవధి దొరికింది. కాని కరపత్రాల మీద క్యూఆర్ కోడ్‌గా అచ్చువేయించిన లింకును ఎవరూ మార్చలేరు.

ఇక పాఠాలు, వీడియోల సంగతి. అమీర్‌పేట జిరాక్స్ నోట్సు అయినా, యూట్యూబ్‌లోని తెలుగు వీడియో అయినా, ముందు దాని వయసు తేల్చాలి. తేదీ లేకపోతే కోడే చెబుతుంది. గ్రేడిల్ ఫైలులో జేసెంటర్ (లైబ్రరీలు దించుకునే భాండారం) అన్న పంక్తి ఉంటే అది పాత పాఠమే. ఆ భాండారాన్ని ఆపేస్తున్నట్లు దాన్ని నడిపిన జేఫ్రాగ్ సంస్థ 2021 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. తెర వెనుక పనులు నడిపే అసింక్‌టాస్క్ కనిపిస్తే 2020లో ఆండ్రాయిడ్ 11తో పక్కన పెట్టిన పద్ధతిని నేర్పుతున్నారన్న మాట. స్టోర్ నియమాలు ఇంకా త్వరగా మారుతాయి: 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు 20 మందితో 14 రోజుల క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంచుకున్నవారితోనే పరీక్ష) తప్పనిసరి చేసి, 2024 డిసెంబరులో ఆ 20ని 12కు తగ్గించారు. పాత వీడియో చూసినవారు ఇప్పటికీ ఇరవై మంది కోసం బంధువులందరినీ బతిమాలుతుంటారు.

క్రమం తప్పకుండా చూడవలసినవి కొన్నే. ప్లే కన్సోల్ (స్టోర్‌లో మన యాప్‌ను నిర్వహించే చోటు) ఇన్‌బాక్స్, మనం వాడే లైబ్రరీల రిలీజ్ నోట్స్, వారానికొకసారి ఆండ్రాయిడ్ వీక్లీ వార్తాలేఖ చాలు. మనల్ని వేధిస్తున్న బగ్ ఒకటి గూగుల్ ఇష్యూ ట్రాకర్‌లో నమోదై ఉంటే దానికి నక్షత్రం గుర్తు పెట్టండి; కదలిక వచ్చినప్పుడు మెయిల్ వస్తుంది. ఐఫోన్ వైపు వెళ్లదలచినవారికి పంచాంగం వేరు: జూన్‌లో ఆపిల్ సదస్సు, సెప్టెంబరులో కొత్త వెర్షన్, ఆపై వసంతంలో కొత్త ఎక్స్‌కోడ్‌తో (ఆపిల్ వారి యాప్ తయారీ పనిముట్టుతో) నిర్మించాలన్న షరతు. 2025లో ఆ షరతు ఏప్రిల్ 24 నుంచి అమలైంది.

అభ్యాసం: మన యాప్ ప్రతిని ఒకటి తీసి, కంపైల్, టార్గెట్ ఎస్‌డీకేలు రెండింటినీ 36కు పెంచండి. ఆండ్రాయిడ్ 16 ప్రవర్తన మార్పుల రెండవ పేజీలోని ప్రతి అంశం పక్కన, అది మన యాప్‌లో ఏ తెరను తాకుతుందో, ఏదీ తాకకపోతే ఎందుకు తాకదో ఒక వాక్యం రాయండి. యాప్ వివరాలుండే మ్యానిఫెస్ట్ ఫైలులో మనం తెరను నిలువుగా బిగించాం కదా, టాబ్లెట్ ఎమ్యులేటర్‌లో దానికేమవుతుందో, వెనక్కి వెళ్లే బటన్‌కు రాసిన ఆన్‌బ్యాక్‌ప్రెస్డ్ పిలుపు అందుతుందో లేదో స్వయంగా నడిపి చూడండి. ఆ పిలుపును కొత్త పద్ధతిలోకి మార్చడం 10వ పాఠం.