ఫీజు లేని కౌన్సెలింగ్: మొదటి ఫోన్ ఎలా చేయాలి

కాకతీయ యూనివర్సిటీ హాస్టల్లో జూనియర్లు నన్ను తరచూ అడుగుతారు, "అక్కా, టెన్షన్ తట్టుకోలేకపోతున్న, ఎవరికి చెప్పాలె?" అని. ముందు 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు.

రూమ్‌లో నలుగురుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బయట నడుస్తూ మాట్లాడండి. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే నిద్రతో మొదలుపెట్టండి: ఎప్పుడు పడుకుంటున్నారు, ఎన్నింటికి మెలకువ వస్తోంది, అన్నం సయిస్తోందా. బ్యాక్‌లాగ్స్, ప్రేమ, ఇంట్లో అప్పులు, ఏదైనా చెప్పొచ్చు. ప్రాణాపాయం లాంటి పరిస్థితిలో తప్ప మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే, స్నేహితురాలిని తోడు తీసుకుని పొద్దున్నే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మానసిక వైద్య ఓపీకి వెళ్లండి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. పక్క మంచం మీది అమ్మాయిని లేపి, ఆమె ముందే 14416కి ఫోన్ చెయ్యండి.